బలహీనత అడిగితే ఏం చెప్పాలి?

కొన్నేళ్ల కింద జీడిమెట్ల పారిశ్రామికవాడలో ఒక కంపెనీకి ఇంటర్వ్యూకి పోయాను. "నీ బలహీనత ఏంటి?" అని అడిగారు. కోచింగ్‌లో బట్టీ పట్టిన జవాబు చెప్పాను: "పని మొదలుపెడితే వదలను సార్, అదే నా బలహీనత." అడిగినాయన నవ్వాడు. తర్వాత, "కాలేజీలో మీది రిజర్వేషన్ సీటేనా?" అన్నాడు. తల దించుకున్నాను. ఉద్యోగం రాలేదు. అంతకన్నా ఎక్కువగా బాధపెట్టింది, మొదటి ప్రశ్నకు అబద్ధమాడి, రెండో ప్రశ్నకు నిజాన్ని చూసి సిగ్గుపడటం.

అప్పుడు కానిస్టేబుల్ పరీక్షకు కూడా తయారవుతూ, రోజూ తెల్లవారకముందే ఫాక్స్ సాగర్ చెరువు దగ్గర 1600 మీటర్లు పరుగెత్తేవాణ్ణి. మొదట్లో ఎనిమిదిన్నర నిమిషాలు పట్టేది. గడియారం ముందు బట్టీ జవాబు పనికిరాదు. ఎంత పట్టిందో ఒప్పుకుంటేనే రేపు ఏం సరిచేసుకోవాలో తెలుస్తుంది. బలహీనత చెప్పడం అంటే ఇదే: ఏం రాదో చెప్పి, దాని కోసం ఏం చేస్తున్నామో చెప్పడం.

ఇక రెండో ప్రశ్న. నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన గిరిజన బిడ్డ మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు నిండలేదు. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ, భువనగిరి గుట్ట మీద ఎక్కడం నేర్చుకుంది. గురుకులం లేకపోతే ఆమె ఆ కొండ మొదలు దాకా చేరేది కాదేమో. కానీ ఎక్కింది ఆమె కాళ్లే. రిజర్వేషనూ అంతే. రాజ్యాంగం 15(4) అధికరణం మనకు తలుపు తెరిచింది, పరీక్షలు మనమే రాశాం.

"నిజం చెప్తే ఉద్యోగం పోతే?" అని మీరు అడగొచ్చు. పోవచ్చు. ఇంట్లో అప్పు ఉన్నవాడికి ఇది చిన్న మాట కాదు. అయితే నిజాయితీ అంటే అధికారంలో ఉన్నవాడు అడిగిందల్లా విప్పి చెప్పడం కాదు. పని గురించి అడిగితే అబద్ధమాడొద్దు. పుట్టుక గురించి అడిగితే, చెప్పడమా, "నా పని గురించి అడగండి సార్" అనడమా అన్నది మన ఇష్టం. ఏది ఎంచుకున్నా తల మాత్రం దించొద్దు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆ గదిలోకి ఇవాళ మళ్లీ పోతే నేను ఇలా చెప్తాను: "ఇంగ్లిష్‌లో తడబడతాను సార్, రోజూ ఒక పేజీ పైకి చదువుతున్నాను. అవును, రిజర్వేషన్ సీటే. మా తండాలో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే."