కడరా భోజనం పటం, ఒక స్కేలు



ప్రభువు కడరా భోజనం పటం లేని కతోలిక గృహం మన విచారణల్లో అరుదు. ఈ ఆదివారం దాన్ని గోడ మీదనుంచి దించి, దుమ్ము తుడిచి, డ్రాయింగు నేర్చుకునే మీ పిల్లల ముందు పెట్టండి. చేతికొక స్కేలు ఇవ్వండి. అయితే పటం లియొనార్దో డావించి చిత్రానికి సరైన నకలై ఉండాలి. బజారులో దొరికే కొన్నింటిలో వెనుక గోడలనే మార్చేశారు, అవి ఈ పాఠానికి పనికిరావు.

పైకప్పు దూలాల గీతల మీద స్కేలు పెట్టి ముందుకు పొడిగించమనండి. పక్కగోడల తెరల పై అంచులనూ అలాగే. గీతలన్నీ వచ్చి ప్రభువు శిరస్సు దగ్గర కలుస్తాయి. డ్రాయింగు మాస్టర్లు దీన్ని వానిషింగ్ పాయింట్ అంటారు. రైలు పట్టాలు దూరాన ఒకటైనట్టు కనిపించే చోటు అదే. 1435లో అల్బెర్తి అనే ఇటలీ పండితుడు ఈ పద్ధతిని గ్రంథంలో వివరించాడు. లియొనార్దో ఇంకా సులువు చేసుకున్నాడు. 1999లో ముగిసిన మరమ్మతుల్లో ప్రభువు కుడి కణత దగ్గర చిన్న మేకు రంధ్రం బయటపడింది. అక్కడ మేకు కొట్టి, దారం కట్టి, గీతలు లాగాడన్నమాట. పిల్లలకు ఈ మాట చెబితే వెంటనే దారం కోసం వెతుకుతారు!

ఇప్పుడు స్కేలు పక్కన పెట్టి, అదే భోజనాన్ని సొంతంగా గీయమనండి. చిన్నపిల్లలైతే ప్రభువును అందరికన్నా పెద్దగా, యూదాను ఎక్కడో మూలన చిన్నగా, నల్లగా వేయవచ్చు. కోప్పడకండి. పూర్వం గొప్ప చిత్రకారులూ అలాగే వేసేవారు: దేవమాత పెద్దగా, పటానికి సొమ్ము ఇచ్చిన దాత ఆమె పాదాల దగ్గర బొమ్మంత. పరిమాణం హోదాను చెప్పేది. పర్‌స్పెక్టివ్ ఆ లెక్కను మార్చింది. ఫ్లోరెన్సులోని సాంతా మరియా నొవెల్లా దేవాలయంలో 1427 ప్రాంతంలో మసాచో గీసిన త్రిత్వ చిత్రంలో కింద మోకరించిన మామూలు భార్యాభర్తలు దేవమాతకూ పునీత యోహానుకూ సమానమైన పరిమాణంలో ఉన్నారు.

ఇక యూదా సంగతి. 1480లో గిర్లాందాయో ఫ్లోరెన్సులో కడరా భోజనం గీసినప్పుడు యూదాను బల్లకు ఇవతల ఒంటరిగా కూర్చోబెట్టాడు. అప్పటి ఆనవాయితీ అది. మిలానులోని మఠ భోజనశాల గోడ మీద 1495-1498 మధ్య గీసిన లియొనార్దో అతన్ని బల్లకు అవతల, పేతురు, యోహానుల నడుమ కూర్చోబెట్టాడు. అతని చేతిలో డబ్బు సంచి, ముఖం మీద నీడ. తప్పును దాచలేదు. కానీ అతన్ని పేతురుకన్నా చిన్నవాణ్ణి చేయలేదు. ఒకే వరుసలో, ఒకే దూరంలో కూర్చున్నవాణ్ణి చిన్నగా వేయడానికి లెక్క ఒప్పుకోదు.

మనమో? పొలం గట్టు తగాదాతో మాటలు మానేసిన తమ్ముడు, కట్నం గొడవలో పుట్టింటి గడప తొక్కని ఆడపడుచు, వీళ్లను మన మనసు ఎంత పరిమాణంలో గీసుకుంది? క్రిస్మసు నాడు విస్తళ్లు లెక్కపెట్టేటప్పుడు వాళ్లు లెక్కకైనా వస్తున్నారా? “ఫాదర్ గారూ, తప్పు వాడిదే కదా” అంటారు. కావచ్చు. నీడ ఉంటే నీడ గీయండి. పరిమాణం తగ్గించడం మాత్రం వేరే పని.

ఇంకొక విశేషం. ఏ చిత్రాన్నైనా గీతల లెక్క ప్రకారం చూడవలసిన ఎత్తు ఒకటుంటుంది. మసాచో దాన్ని నేల మీద నిలబడ్డవాడి కంటి ఎత్తున పెట్టాడు. మిలాను చిత్రంలో అది నేలకు సుమారు నాలుగున్నర మీటర్ల పైన ఉంది. అంత ఎత్తున ఎవరం నిలబడగలం? దాని ఎదుటే రోజూ భోంచేసిన సన్యాసులకూ ఆ చోటు అందలేదు. (1652లో అక్కడ తలుపు పెట్టడానికి గోడ తొలిచి ప్రభువు పాదాలనే పోగొట్టారు. రోజూ చూసేదాన్ని మనమూ అలాగే చూస్తాం.) ఎదుటివాడి అసలు పరిమాణం నాకే తెలుసని పట్టుబట్టే ముందు ఆ నాలుగున్నర మీటర్లు గుర్తుచేసుకుందాం.

పటం తిరిగి తగిలించే ముందు పిల్లలకు ఇంకో కాగితం ఇవ్వండి. ఈసారి మీ ఇంటి పండుగ భోజనం గీయాలి. అందరూ బల్లకు ఒకే వైపున, ఒకే వరుసలో. ఎవరెవరిని గీయాలని వాళ్లు మిమ్మల్నే అడుగుతారు.