మన బజారు ఎక్కడిదాకా?



రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలు కాస్తున్నప్పుడు మన గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో నీడ విలువ అందరికీ తెలుస్తుంది. మిరప కల్లంలో పనిచేసి వచ్చిన మనిషికి, పత్తి మిల్లులో దుమ్ము పీల్చి వచ్చిన మనిషికి బజారు మొదట్లో ఒక వేపచెట్టు ఉంటే అదే పెద్ద ఆస్తి. "నాలుగు చెట్లు నాటుకుందాం, కాలవ పూడిక తీయించుకుందాం, మలుపులో లైటు వేయించుకుందాం" అని పదిమంది కూర్చుంటే అది కమిటీ అవుతుంది. మీ పేటలోనూ అలాంటిది ఉండే ఉంటుంది. మీరు అందులో సభ్యులే కావచ్చు.

ఇది మంచి పని. అయితే ధమ్మ మార్గంలో నడవాలనుకునేవాళ్లం గనక మనం ఒక ప్రశ్న వేసుకోవాలి. నా ఇంటిముందు ఊడ్చి ఆ చెత్తను పక్కింటి ముందుకు నెడితే దాన్ని ఎవరూ శుభ్రం అనరు. మరి మా బజారంతా ఊడ్చి ఆ చెత్తను ఊరి చివర కాలనీ పక్కన పోయిస్తే? ఒక్కడు చేస్తే స్వార్థం అయ్యే పని, వందమంది తీర్మానం చేసి చేస్తే కుశలం అవుతుందా?

ఈ ప్రశ్నకు బౌద్ధ కథల్లోని మఘుడు జవాబు చెబుతాడు. మగధలో మచల అనే ఊరు. ఊరివాళ్లు పనికి కూడిన చోట మఘుడు కాలితో దుమ్ము పక్కకు నెట్టి, తను నిలబడేంత చోటు బాగుచేసుకున్నాడు. ఇంకొకడు వచ్చి అతన్ని నెట్టేసి అందులో నిలబడ్డాడు. మఘుడు గొడవపడలేదు. పక్కన ఇంకో చోటు బాగుచేశాడు. దాన్నీ మరొకడు తీసుకున్నాడు. అప్పుడు మఘుడికి తోచింది: 'నేను బాగుచేసిన చోట వీళ్లు సుఖంగా ఉన్నారు, కాబట్టి నేను చేసింది మంచి పనే.' మర్నాడు పార పట్టుకొచ్చి కల్లమంత మేర చదును చేశాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి చూడండి. తన చోటును ఇంకొకడు లాక్కున్నప్పుడే అతని పని ధమ్మం అయింది. 'ఇది నాది' అని పట్టుకుని కూర్చుంటే అది పాదాలంత చోటుగానే మిగిలిపోయేది.

తర్వాత అతనితో మరో ముప్ఫై ఇద్దరు కలిశారు. దారులు సరిచేశారు, బండి ఇరుసులకు తగిలే చెట్లు తీశారు, చెరువులు తవ్వారు, బాటసారులకు శాల కట్టారు. ఊళ్లో తాగుడు, కొట్లాటలు తగ్గాయి. దాంతో మద్యం మీద, జరిమానాల మీద వచ్చే రాబడి గ్రామాధికారికి పడిపోయింది. వీళ్లు దొంగలముఠా అని అతను రాజుకు చాడీ చెప్పాడు. రాజు వాళ్లను ఏనుగులతో తొక్కించమన్నాడు. వాళ్లు ఆ అధికారి మీద, రాజు మీద, ఏనుగు మీద కూడా సమానంగా మైత్రి నిలుపుకున్నారు. ఏనుగు తొక్కలేదు. ఊరి బాగు అందరికీ ఇష్టమే అనుకోకండి. మురికి మీద బతికేవాళ్లు ఆనాడూ ఉన్నారు, ఈనాడూ ఉన్నారు.

అయితే అంత మంచి మఘుడి బృందం కూడా ఒక తప్పు చేసింది. శాల కట్టే పుణ్యంలో ఆడవాళ్లకు భాగం వద్దనుకుంది. సుధమ్మ అనే ఆమె వడ్రంగితో మాట్లాడుకుని, కప్పు మీదికి కావలసిన శిఖరం కొయ్యను ముందే చేయించి దాచింది. తీరా శిఖరం పెట్టే వేళకు తగిన కొయ్య ఎక్కడా దొరకలేదు. ఆమె దగ్గరే ఉంది. ఆమె డబ్బు తీసుకోనంది, భాగం అడిగింది. ఇవ్వక తప్పలేదు. మీ కమిటీలో ఆడవాళ్లు ఎంతమంది? బిందె పట్టుకుని కుళాయి దగ్గర నిలబడేది వాళ్లే. చీకటి మలుపులో భయపడుతూ నడిచేదీ వాళ్లే. వాళ్లు లేకుండా నీళ్ల గురించి, లైట్ల గురించి తీర్మానం ఎలా చేస్తాం?

కమిటీ అన్నది మన నేలకు కొత్త కాదు. 1892లో అలెగ్జాండర్ రే భట్టిప్రోలు స్తూపాన్ని తవ్వినప్పుడు ధాతువులు దాచిన రాతి పేటికలు బయటపడ్డాయి. వాటిమీది శాసనాల్లో 'గోఠి' అనే మాట ఉంది. గోఠి అంటే గోష్ఠి, మన మాటలో కమిటీ. అందులో నిగమ సభ్యుల పేర్లు వరసగా ఉన్నాయి. కుబేరకుడనే రాజు కూడా సింహ గోష్ఠికి ప్రముఖుడిగానే అక్కడ కనపడతాడు. అమరావతి స్తూపానికి విధికుడనే తోలుపనివాడు తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, పిల్లలతో కలిసి పూర్ణఘటం చెక్కిన రాతిపలక దానమిచ్చాడు. ఆ పలక మీద తన వృత్తిని దాచుకోకుండా రాయించుకున్నాడు. ఎవరూ అతన్ని దూరంగా నిలబడమనలేదు.

అదే నేల మీద రెండువేల ఏళ్ల తర్వాత ఏం జరిగింది? 1985 జులైలో కారంచేడులో దళితులు తాగే నీళ్ల చెరువును భూస్వామి కులం కుర్రాళ్లు గేదెల్ని తోలుకొచ్చి మురికి చేస్తుంటే ఒక దళితుడు వద్దన్నాడు. అతని మీద చెయ్యి చేసుకున్నారు. నీళ్లకు వచ్చిన ఒక మాదిగ స్త్రీ తన బిందె ఎత్తి అడ్డుకుంది. మర్నాడు, 17వ తేదీన, పల్లె మీద పడ్డారు. ఆరుగురు దళితుల ప్రాణాలు పోయాయి. మిగిలినవాళ్లు చీరాల వచ్చి తలదాచుకున్నారు. వాళ్లు అడిగింది ఏమిటి? తాగే నీళ్లు శుభ్రంగా ఉంచమని. ఇవాళ ఏ కాలనీ కమిటీ అయినా మొట్టమొదట రాసుకునే తీర్మానం అదే కదా!

తీర్మానం ఒక్కటే చాలదు. మహద్‌లో చౌదార్ చెరువు అందరిదీ అని అక్కడి మునిసిపాలిటీ 1924లోనే తీర్మానించింది. ఆ తీర్మానం కాగితం దిగి గట్టు మీదికి రాలేదు. 1927లో బాబాసాహెబ్ అంబేడ్కర్ వేలమందితో నడిచివెళ్లి ఆ నీళ్లు తాగవలసి వచ్చింది.

"ఎవరి బజారు వాళ్లు బాగుచేసుకుంటే ఊరంతా బాగుపడదా?" అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ కాలవకు పల్లం తెలుసు, వార్డు నంబరు తెలియదు. ఎగువ బజారు వాళ్లు తీసి వదిలిన మురుగు దిగువ పేట గడపల్లోకి వస్తుంది. మనది నల్లరేగడి నేల, వాన పడితే నీళ్లు త్వరగా ఇంకవు. దిగువవాళ్లు ఎంత ఊడ్చుకున్నా ఎగువవాళ్లు తలచుకోకపోతే వాళ్ల బజారు బాగుపడదు. ఇది ఉన్నందువల్ల అది ఉంటుందని బుద్ధుడు చెప్పిన కార్యకారణ ధర్మాన్ని మురుక్కాలవ పక్కన నిలబడి కూడా నేర్చుకోవచ్చు.

భద్రత సంగతీ అంతే. మిరప కోతలకు కర్నూలు వైపు నుంచి పిల్లాపాపలతో కూలీలు వస్తారు. రోడ్డు పక్క గుడారం వేసుకుంటే మన కమిటీ కళ్లకు వాళ్లు 'కొత్తవాళ్లు', అంటే అనుమానితులు. ఆ గుడారంలో రాత్రిపూట భయపడుతున్న తల్లి భద్రత ఎవరి తీర్మానంలో ఉంది? మైత్రి దగ్గరవాళ్లకీ దూరంవాళ్లకీ ఒకటే అని రోజూ పఠిస్తున్నాం. మన లైటు వెలుగు ఆ గుడారం దాకా పడాలి.

ఇక చీపురు మాట. కృష్ణ అవతల చల్లపల్లిలో 2014 నవంబరు నుంచి డాక్టర్ దంపతులు డి.ఆర్.కె. ప్రసాద్, పద్మావతి గార్లతో కలిసి ఊరివాళ్లు తెల్లవారుజామునే లేచి రోడ్లు ఊడుస్తున్నారు, కాలవలు తీస్తున్నారు, మొక్కలు పెంచుతున్నారు. అక్కడి చెట్లు మెచ్చుకోదగ్గవే. అంతకంటే ముఖ్యం, చీపురు ఒక కులానిదే అన్న పాత మాటకు ప్రతి తెల్లవారుజామునా అక్కడ జవాబు దొరుకుతోంది. మనుషుల చేత మలం ఎత్తించడాన్ని, రక్షణ లేకుండా మురుగు గోతుల్లోకి దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. అయినా 'ఎవరినో ఒకర్ని పిలిచి దింపండి' అనే మాట కమిటీల్లో ఇంకా వినపడుతుంది. ఆ మాట వచ్చినప్పుడు మీరు మెదలకుండా ఊరుకుంటే, ఆ గోతిలోకి దిగే మనిషి ప్రాణంలో మీకూ బాధ్యత ఉన్నట్టే.

వజ్జులు తరచుగా కలుస్తున్నంత కాలం, కలిసి కూర్చుని కలిసి లేస్తున్నంత కాలం, పెద్దల్ని గౌరవిస్తున్నంత కాలం, స్త్రీల మీద బలవంతం చేయనంత కాలం వాళ్లకు అభివృద్ధే తప్ప హాని లేదని బుద్ధుడు చెప్పాడు. మన కమిటీకి ఇంతకంటే మంచి నియమావళి ఏముంది?

కాబట్టి ఈసారి సమావేశానికి వెళ్లేటప్పుడు చెత్తబండి తోసే అమ్మను, దిగువ పేట నుంచి ఒకరిని పిలవండి. వాళ్లను వెనక నిలబెట్టకుండా మీతో సమానంగా కుర్చీ వేసి కూర్చోబెట్టండి. మన చెత్త చివరికి ఎవరి గుమ్మం ముందు చేరుతుందో ఒకసారి బండి వెంట నడిచి చూసి రండి. మొదటి మొక్కను మీ ఇంటిముందు కాకుండా ఆ గుమ్మం ముందు నాటండి. మీరు నాటిన చెట్టు కింద మీకు తెలియని మనిషి కూర్చుంటాడు. కూర్చోనివ్వండి. మఘుడిలాగా ఇంకో గొయ్యి తవ్వండి.