దేవుని పక్షముగా చెప్పిన కట్టుకథ



గత సంవత్సరము మా సంఘపు యౌవనస్థుల కూటములో మేము ఒక కథ చెప్పితిమి. కొత్తది కాదు. ట్రైనింగు కాలేజీ రోజుల్లో ఒక ఇంగ్లీషు పుస్తకములో చదివి, ముప్పది యేండ్లకు పైగా ప్రసంగాలలో వాడుకొంటూ వచ్చినదే. రష్యా రాణి కేథరిన్ పిలుపు మీద ఫ్రాన్సు దేశపు తత్వవేత్త డిడరో 1773లో పీటర్స్‌బర్గు వచ్చి, దేవుడు లేడని రాజసభలో వాదించెనట. అప్పుడు మహా గణితవేత్త ఆయిలర్ లేచి, ఒక ఆల్జీబ్రా సూత్రము గంభీరముగా వల్లించి, కాబట్టి దేవుడున్నాడు, జవాబు చెప్పుమనెనట. లెక్కలు రాని డిడరో నోట మాట రాక, సభ అంతా నవ్వుచుండగా, తన దేశమునకు వెళ్లిపోయెనట.

ఈ కథ చెప్పినప్పుడెల్లా సంఘము నవ్వేది. లెక్కల మాస్టరుకు అంతకంటె ఏమి కావలెను?

ఈసారి పి.యు.సి. చదివే ఒక అబ్బాయి నవ్వలేదు. కూటము ముగిసిన తరువాత వరండాలో మా దగ్గరకు వచ్చి, సగము తెలుగు సగము కన్నడములో, "తాతగారూ, ఆ సూత్రానికీ దేవునికీ సంబంధమేమిటి?" అన్నాడు. ఏమీ లేదన్నాము. "అయితే ఆయన చేసింది మోసమే గదా?" అన్నాడు. మేము జవాబు చెప్పలేక, పొద్దుపోయినది ఇంటికి పొమ్మంటిమి.

తరువాత పుస్తకాలు తెప్పించి చూచితిమి. చూడకపోతే బాగుండుననిపించినది. ఆ కథను ఇంగ్లీషులో ప్రచారము చేసినవాడు డి మోర్గన్ అను గణిత పండితుడు, 19వ శతాబ్దములో. అంతకు ముందు ఒక ఫ్రెంచివాని జ్ఞాపకాలలో అది విన్నమాటగానే ఉన్నది, అందులో ఆయిలర్ పేరు లేదు. ఇక డిడరోకు లెక్కలు రావనుట పచ్చి అబద్ధము. ఆయన 1748లోనే గణిత విషయముల మీద వ్యాసాలు అచ్చువేసినవాడు. ఆ చిన్న సూత్రము చూచి బెదరిపోయే మనిషి కాడు.

పొరుగువాని గురించి అబద్ధసాక్ష్యము పలుకకూడదని తొమ్మిదవ ఆజ్ఞను సండే స్కూలు పిల్లలచేత కంఠస్థము చేయించినవారము మేమే. నాస్తికుడు పొరుగువాడు కాడని ఆ ఆజ్ఞలో ఎక్కడా లేదు. యోబు గ్రంథము 13వ అధ్యాయములో యోబు తన స్నేహితులను నిలదీసి అడిగినదీ ఇదే: దేవుని పక్షము వహించుటకు అన్యాయపు మాటలు కావలెనా అని.

నిజమైన మనుష్యుల సంగతి కట్టుకథకంటె గొప్పగా ఉన్నది. 1749లో డిడరో గ్రుడ్డివారిని గూర్చి ఒక లేఖ ప్రకటించి, దాని మూలముగా మూడు నెలలకు పైగా చెరలో ఉండెను. అందులో కేంబ్రిడ్జిలో గణితము బోధించిన సాండర్సన్ అను అంధుడు మరణశయ్య మీద బోధకునితో మాటలాడును (ఆ సంభాషణ డిడరో కల్పనే). ఆకాశము, నక్షత్రములు చూపి దేవుని నమ్మమంటున్నారు, అవి నాకు కనబడవు, నేను నమ్మవలెనంటే ఆయనను తాకనియ్యండి అని అతని భావము. మనకు ఇది దూషణగా తోచవచ్చును. కాని తోమా కూడా తాకవలెననే గదా అడిగినది? ప్రభువు అతనిని నవ్వులపాలు చేయలేదు.

ఆయిలర్ పాస్టరు కుమారుడు. చూపు ఉన్నంతకాలము ప్రతి సాయంత్రము ఇంటివారినందరిని కూర్చి ప్రార్థన జరిపించినవాడు. తరువాత రెండు కన్నులూ పోయినవి. చీకటిలో కూర్చొని, తాను చెప్పుచుండగా ఇతరులచేత గణిత గ్రంథములు వ్రాయించెను. ఆయనకూ నక్షత్రములు కనబడలేదు, విశ్వాసము విడువలేదు. 1747లో లేఖనముల పక్షముగా ఒక చిన్న పుస్తకము వ్రాసినప్పుడు సైతము ఆల్జీబ్రాతో దేవుని రుజువు చేయబోలేదు. రేఖాగణితములోను చిక్కు ప్రశ్నలున్నవి, అందుచేత దానిని ఎవరూ పారవేయరు గదా అని మాత్రము అడిగెను.

మేము బోర్డు మీద త్రిభుజము గీసి, మూడు కోణములు కలిసి 180 డిగ్రీలని ఎన్నిసార్లు రుజువు చేసితిమో లెక్కలేదు. ఆ రుజువు సమాంతర రేఖలను గూర్చి యూక్లిడ్ ముందుగా ఒప్పుకొన్న ఒక మాట మీద నిలిచియున్నది. 1829లో రష్యాలో లోబచెవ్‌స్కీ ఆ మాటను ప్రక్కన పెట్టి వేరొక రేఖాగణితము ప్రకటించెను. అందులో ఆ మొత్తము 180కి తక్కువ. రెండింటిలోను తర్కము తప్పలేదు. దీనినిబట్టి కొందరు బోధకులు, చూచితిరా, లెక్కలు కూడా విశ్వాసమే అంటారు. మేమూ అన్నాము. ఇప్పుడు అనలేము. యూక్లిడ్ మాటను ఒప్పుకొనుటకు మనము దేనినీ విడిచిపెట్టనక్కరలేదు, ఎవరినీ క్షమించనక్కరలేదు. అబ్రాహాము ఊరు విడిచి బయలుదేరినది అటువంటి ఒప్పుకోలుతో కాదు. ఒకటి పలక మీద పని, రెండవది కాళ్లకు పని.

మరుసటి నెల ఆరాధనలో లేచి, ఆ కథ నిజము కాదని సంఘమునకు చెప్పితిమి. బయటికి వచ్చిన తరువాత మా యీడు సహోదరుడొకరు కోపపడిరి. "మంచికే గదా చెప్పింది మాస్టారూ! మన పిల్లల ముందు మన మాట మనమే తీసేసుకుంటే ఎట్లా?" అనిరి. ఆయన బాధ మాకు తెలియును. పరభాషల నడుమ పిల్లలను సంఘములో నిలుపుకొనుటే మనకు కష్టముగా ఉన్నది. కాని సమాధి ఖాళీగా ఉండెనని ఆ పిల్లలకు చెప్పవలసినది కూడా ఈ నోటితోనే. ఈ నోట ఒక కల్పన దొరికిన పిల్లవాడు ఆ మాటను ఎట్లు వినును? ఆ సహోదరుడు దీనికి బదులు చెప్పలేదు, ఒప్పుకొననూ లేదు.

అబ్బాయి ఇప్పుడు ఆరాధన అయిన తరువాత కాలిక్యులస్ పుస్తకము పట్టుకొని వచ్చి, వెనుక బెంచీ మీద మా ప్రక్కన కూర్చుంటాడు. బాప్తిస్మము మాట అతడు ఎత్తలేదు, మేమూ తొందరపెట్టలేదు. పోయిన ఆదివారము ఒక లెక్కలో మేము గుర్తు తప్పుగా వేస్తే, "తాతగారూ, మైనస్" అని వ్రేలు పెట్టి చూపించెను.