బదరీవృక్షము క్రింద

వాక్యభాగము: 1 రాజులు 19:1-8

కర్మెలు మీద బయలు ప్రవక్తల నెదిరించి నిలిచిన ఏలీయా కొద్ది దినములలోనే అరణ్యమునకు పారిపోయి, బదరీవృక్షము క్రింద కూర్చుండి, తన ప్రాణము తీసికొనుమని దేవుని వేడుకొనెను. దీనిని అనేకులు అవిశ్వాసమందురు. మేమును ఒకప్పుడు అట్లే బోధించితిమి.

దేవుడైతే అతని గద్దింపలేదు. నిద్రపోనిచ్చెను. దూతచేత నిప్పులమీద కాల్చిన అప్పమును, నీళ్ల బుడ్డిని పంపెను. ఏలీయా తిని, త్రాగి, మరల పండుకొనెను. అప్పుడును గద్దింపు లేదు. ప్రయాణము అతని శక్తికి మించినదని దూతయే ఒప్పుకొని రెండవమారు భోజనము పెట్టెను. “ఇక్కడ నీకేమి పని” అను ప్రశ్న హోరేబు చేరిన తరువాతనే వచ్చినది.

మన సంఘములో ఒక యౌవనస్థుడు అమీర్‌పేటలో కోడింగు నేర్చుకొనుచున్నాడు. పగలు దుకాణములో లెక్కలు వ్రాయును. సాయంకాలము క్లాసు. రాత్రి రెండు గంటలవరకు హాస్టలు గదిలో ల్యాప్‌టాప్ ఎదుట సాధన. ఆదివారమున పాటల స్లైడులు, మైకు, సండేస్కూలు రిజిస్టరు అతనివే. కంప్యూటరు తెలిసినవాడు గదా! అతని ఫీజు కొరకు తల్లి గాజులు కుదువ పెట్టినది. అందుచేత పండుకొనినను ఆ గాజులే జ్ఞాపకము వచ్చునట.

ఒక దినమున అతడు మాయొద్దకు వచ్చి, చదివినదేదియు నిలుచుటలేదనియు, ల్యాప్‌టాప్ తెరచినంతనే గుండె బిగిసిపోవుచున్నదనియు చెప్పెను. మేము మరికొంచెము ప్రార్థించి, మరికొంచెము కష్టపడుమంటిమి. అప్పమడిగినవానికి రాయి ఇచ్చినట్లాయెను. ఆ మాటకు నేటికిని సిగ్గుపడుచున్నాము.

ఈ అలసటను 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, వ్యాధిగా గాక, ఉద్యోగ సంబంధమైన స్థితిగా వర్ణించినది. శక్తి ఉడిగిపోవుట, పనిమీద విరక్తి కలుగుట, పని సరిగా సాగకపోవుట దాని గురుతులు. నేర్చుకొనువాడు ఉద్యోగి కాడు, నిజమే. అయినను ఆ మూడును మేము ఈ బిడ్డయందు చూచితిమి.

అతని క్లాసు పాఠములు రికార్డు చేయబడి ఎప్పుడైనను వినుటకు వీలుగా నుండును. మంచి సౌకర్యమే. గాని ఎప్పుడైనను చదువవచ్చునన్న మాట ఎల్లప్పుడును చదువవలెనన్న భారముగా మారినది. నిర్గమకాండము 16వ అధ్యాయములో మన్నాకు దినదినమునకు కొలత యుండెను. రేపటికని దాచినది పురుగుపట్టెను. విశ్రాంతిదినము కొరకు దాచినదొక్కటే చెడలేదు.

పగలు నేర్చినది నిద్రలో మెదడునందు స్థిరపడునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. అర్ధరాత్రి మూడు గంటలు వెదకినను కనబడని ఒక కామా తెల్లవారి లేవగానే కనబడెనని ఈ యౌవనస్థుడే చెప్పెను. అతడు నేర్చుకొను పైథాన్ భాషలో వరుస మొదటి ఖాళీస్థలమునకును అర్థమున్నదట. దానిని తీసివేసిన ప్రోగ్రాము నడువదట. ఇది విని మేము చాలసేపు ఊరకుంటిమి.

అతడిప్పుడు రాత్రి పదిగంటలకు ల్యాప్‌టాప్ మూయుచున్నాడు. కోర్సు రెండు నెలలు ఆలస్యమగును. గాజుల సంగతి పెద్దలు తల్లితో మాటలాడిరి. స్లైడులు, రిజిస్టరు ఈ నెలనుండి ఇతరులకు అప్పగించితిమి. అతడు వెనుక బల్లమీద కూర్చుండును. ప్రసంగ సమయమున కునుకు తీసినయెడల ఎవరును లేపవద్దని మా మనవి. భోజనమునకు మాత్రము లేపుడి.