మారీచస్వరము

శ్రీమద్రామాయణము అరణ్యకాండలో మారీచుడు రామబాణహతుడై నేలకొరగుచు, శ్రీరాముని కంఠస్వరముతో సీతాలక్ష్మణులను పిలిచి ఆక్రందించెను. అది రాక్షసమాయ యని లక్ష్మణుడు విన్నవించినను, పతికేమాయెనో యను భీతిచే జానకీదేవి పరుషములాడి అతనిని పంపివేసెను. ఆ సమయము కొరకే పొంచియున్న రావణుడు సన్న్యాసివేషమున ఆశ్రమము చేరెను.

నేడు ఆ మాయ టెలిఫోనులో వినబడుచున్నది. కృత్రిమ మేధచే మనుమని గొంతును అనుకరించి, “తాతయ్యా, ప్రమాదంలో చిక్కుకున్నాను. వెంటనే డబ్బు పంపు, నాన్నకు చెప్పవద్దు” అని వంచకులు పలుకుచున్నారు. ఇందు ప్రేమ దోషము కాదు, తొందరపాటే దోషము. గోప్యముగ నుంచుమనుటయే మోసమునకు గుర్తు.

అట్టియెడ పెద్దలు ఫోను పెట్టివేసి, తాము మునుపెరిగిన మనుమని నెంబరుకు తామే ఫోను చేయవలెను, ఇంటివారితో సంప్రదింపవలెను. కుటుంబమునకు మాత్రమే తెలిసిన గుర్తుమాట నొకదానిని ముందే ఏర్పరచుకొనుట మేలు. అది గోవిందనామము వలె లోకమెరిగినది కారాదు. సొమ్ము పంపియుండినచో తక్షణమే జాతీయ సైబరు నేరముల సహాయ నెంబరు 1930కి తెలుపవలెను.

మోసపోయిన పెద్దలను పిల్లలు నిందింపరాదు. నిందకు వెరచినవారు జరిగినదానిని దాచుదురు. ఆ జాగు వంచకునికే లాభము. వారి సిగ్గును పోగొట్టి ధైర్యము చెప్పుటయు పితృసేవయే.