కనబడని చోట పొదుపు

పొదుపు గొప్ప గుణమని చిన్నప్పటినుంచీ వింటూనే ఉన్నాం. అందులోనూ ఆడవాళ్లకు ఆ పాఠం పలకా బలపం పట్టకముందే మొదలవుతుంది. అయితే పొదుపులో రెండు రకాలున్నాయని నాకు తోస్తోంది. నలుగురికీ కనబడే చోట చేసే పొదుపు ఒకటి, ఎవరికీ కనబడని చోట చేసేది మరొకటి.

మొదటి దానికి గుండె నిబ్బరం కావాలి. కూతురి పెళ్లిలో మూడు మిఠాయిలకు బదులు ఒకటే వడ్డించి చూడండి, ఏడాది తర్వాత కూడా చెప్పుకుంటారు. రెండోదానికి ఏ నిబ్బరమూ అక్కర్లేదు. గోడలకు రంగు బాగుంటే చాలు, పునాదిలో సిమెంటు ఎంత పడిందో గృహప్రవేశానికి వచ్చినవాళ్లెవరూ తవ్వి చూడరు. మరి ఈ రెండోదాన్ని కూడా పొదుపు అనే పిలవాలా? లేక దానికి వేరే పేరేదైనా ఉందా?

ఈ ప్రశ్న నాకు ఏ వేదాంత గ్రంథంవల్లో కలగలేదు. ఇంజనాయిల్ డబ్బావల్ల కలిగింది. నవ్వకండి, చెప్తాను.

మా మరిదికి నల్లగొండ దగ్గర బత్తాయి తోట ఉంది. కాయ దిగినంతకాలం బాటసింగారం పండ్ల మార్కెట్టుకు తోలడానికీ, మిగతా రోజుల్లో కిరాయికి తిప్పడానికీ ఒక పికప్ బండి కొనుక్కున్నారు. లోను మా తోడికోడలి పేరిట తీసుకున్నారు గనుక బండీ ఆవిడ పేరునే ఉంది, జమాఖర్చులూ ఆవిడవే. బండిని పెళ్లికూతురిలా చూసుకుంటుంది. ముందు అద్దానికి కుచ్చులు, వెనక డాలాకు రంగురంగుల పూలు, బంపరుకు నిమ్మకాయా మిరపకాయలూ. పిల్లల పేర్లు పెద్ద అక్షరాలతో రాయించింది. వీటిలో దేనికీ ఆవిడ బేరమాడలేదు. బేరమంతా సర్వీసింగు రోజున మొదలైంది.

కంపెనీ పుస్తకంలో రాసిన ఆయిలే పోయించాలనీ, దానితోపాటు ఫిల్టరూ మార్చాలనీ డ్రైవరు పట్టు. డ్రమ్ములోంచి కొలిచి పోసే లూజు ఆయిల్ ఎంతో చవక కదా అనీ, ఫిల్టరు కిందటిసారే మార్చాం కదా అనీ ఆవిడ వాదన. తీర్పు కోసం నాకు ఫోన్ చేసింది. "అక్కా, నువ్వు ఇన్ని నవలలు రాస్తివి. జెర ఈ సంగతి గూడ సదివి చెప్పరాదూ!" అంది.

నేను చదివింది బి.ఏ. మనం చదువుకున్న ఏ ప్రబంధంలోనూ ఇంజనాయిల్ వర్ణన లేదు. కానీ అడిగిన మనిషికి తెలియదని చెప్పి తప్పించుకోవడమెందుకని కొంత చదివాను, ఇద్దరు ముగ్గురు మెకానిక్కులను అడిగాను. తెలిసిందేమిటంటే, మన వంటింటి జ్ఞానం ఇక్కడ కూడా పనికొస్తుంది.

డబ్బా మీద 15డబ్ల్యు-40 అని ఉంటుంది చూడండి. డబ్ల్యు అంటే వింటరు, చలికాలం. మొదటి అంకె ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ ఎంత తేలిగ్గా పారుతుందో చెబుతుంది. రెండోది 100 డిగ్రీల వేడిలో దాని చిక్కదనం ఎంత మిగులుతుందో చెబుతుంది. చిక్కదనాన్నిబట్టి ఇలా తరగతులు చేసే పని అమెరికాలోని ఆటోమొబైల్ ఇంజనీర్ల సంఘం 1911లోనే మొదలుపెట్టింది. పక్కనే ఇంకో గుర్తు ఉంటుంది. డీజిలు బండ్ల ఆయిలుకు అది 'సి' అక్షరంతో మొదలవుతుంది. సి.ఐ-4 అనేది 2002లో వచ్చింది, సి.కె-4 అనేది 2016లో వచ్చింది. మన దేశంలో 2020 ఏప్రిల్ 1నుంచి అమ్మే కొత్త బండ్లు బి.ఎస్-6 రకానివి. వాటిలో చాలావాటికి పొగగొట్టంలో మసిని పట్టే ఒక జల్లెడ ఉంటుంది. మసిని అది కాల్చుకోగలదు గానీ, ఆయిల్‌లోంచి వచ్చే బూడిదను కాల్చుకోలేదు. అందుకే ఆ బండ్లకు బూడిద తక్కువ మిగిల్చే ఆయిలే పొయ్యాలి. పాత బండికి చక్కగా సరిపోయే ఆయిల్ కొత్త బండి గొంతు నులమవచ్చు.

అంటే ఖరీదైనదల్లా మంచిది కాదన్నమాట. ఆవకాయలో నువ్వులనూనె పోస్తాం. నెయ్యి ఖరీదెక్కువ కదా అని నెయ్యి పోస్తామా? ఏ బండికి ఏది తగునో కంపెనీ పుస్తకంలో రాసే ఉంటుంది. ఆ అంకె, ఆ అక్షరం కలిసిన డబ్బాలలో చవకైనది ఏరుకుంటే అది నికార్సయిన పొదుపు. దానికి నేనూ చేతులెత్తి మొక్కుతాను. ఆ గుర్తులేవీ లేని డ్రమ్ములోంచి పోయించుకోవడం మాత్రం వేరే సంగతి.

ఇక ఫిల్టరు. తొలినాళ్ల కార్లలో ఇది లేనే లేదు. ఆయిల్‌ను మాటిమాటికీ పారబోసి కొత్తది పోసుకునేవారు. 1923 ప్రాంతంలో అమెరికాలో ఎర్నెస్ట్ స్వీట్‌లాండ్ అనే ఆయన ఆయిల్‌ను వడగట్టే సాధనం తయారుచేశాడు. ఇప్పటి ఫిల్టరు చూడ్డానికి చిన్న డబ్బాలా ఉంటుంది. లోపల మడతలు మడతలుగా ప్రత్యేకమైన కాగితం. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లనుకుంటే, అందులో మూడోవంతు ఉన్న రేణువులను కూడా అది పట్టుకోవాలి. మా వైపు ఆ పని మామూలు పని కాదు. నల్లగొండనుంచి దేవరకొండ, కల్వకుర్తి మీదుగా జడ్చర్ల దాకా ఎండాకాలంలో ఒక్కసారి వెళ్లి చూడండి. రోడ్డు దిగి చేలల్లోకి మళ్లితే చల్కనేలల ఎర్రదుమ్ము కళ్లు తెరవనివ్వదు. ఆ దుమ్ములో ఇసుక ఉంది. ఇంజనులోకి చేరిన ఇసుక ఇనుమును చిత్రిక పడుతుంది.

ఫిల్టరులో నన్ను ఆలోచనలో పడేసింది దాని కాగితం కాదు, అందులో ఉండే చిన్న కవాటం. కాగితం మురికితో పూర్తిగా పూడుకుపోయిందనుకోండి. ఆయిల్ ఆగిపోతే ఇంజను క్షణాల్లో పట్టేస్తుంది. అందుకని ఆ కవాటం తెరుచుకుని, ఆయిల్‌ను వడగట్టకుండానే లోపలికి వదిలేస్తుంది. అసలు లేనిదానికన్నా మురికిదే నయం కదా! చల్లటి ఇంజను స్టార్టు చేసిన కాసేపు కూడా అలా తెరుచుకోవచ్చు, అది సహజమే. కానీ ఫిల్టరు నిండిపోయాక రోజంతా అదే వరస. చాలా బండ్లలో ఆ సంగతి చెప్పే దీపమేదీ వెలగదు. బండి నడుస్తూనే ఉంటుంది, కిరాయి వస్తూనే ఉంటుంది. 'చూశావా, ఫిల్టరు మార్చకపోతే ఏమైంది?' అని మనం సంతోషిస్తూనే ఉంటాం.

నల్లగొండవాళ్లకు ఈ రకం ఆలస్యపు నష్టం గురించి ఇంకొకరు చెప్పనక్కర్లేదు. భూగర్భజలంలో ఫ్లోరైడు ఉందని నాలుకకు తెలియదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న లెక్క కంటికి కనబడదు. నీళ్లు తేటగానే ఉండేవి. తాగినవాళ్ల పళ్లలో, ఎముకల్లో ఏళ్ల తర్వాత కనబడింది. నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థవారు పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును అడుక్కు దింపే పద్ధతిని 1970లలో తయారుచేసి, దానికి నల్లగొండ పేరే పెట్టారు. ఇప్పుడు మిషన్ భగీరథ కుళాయిలలో నదినీళ్లు వస్తున్నాయి గానీ, వంగిపోయిన నడుములను ఏ కుళాయీ నిటారుగా చెయ్యలేదు. తేటగా ఉన్నదల్లా మంచిది కాదని మా జిల్లా ఇంత మూల్యం చెల్లించి నేర్చుకుంది.

దీనికి తిరగేసిన పాఠం మా డ్రైవరు చెప్పాడు. అతనిది మహబూబ్‌నగర్ వైపు. పాలమూరు లేబరని దేశమంతా పేరుపడ్డ మనుషుల బిడ్డ. "ఆయిల్ నల్లగయిందని పాడయినట్టు గాదమ్మా. మసిని తన లోపల పట్టుకున్నది గాబట్టే నల్లగయింది. ఎన్ని రోజులు తిరిగినా తెల్లగనే ఉందంటే, మసి ఇంజన్ల పేరుకుంటున్నట్టు" అన్నాడు. నిజమేనట. డీజిలు ఇంజనులో మంచి ఆయిల్ త్వరగానే నల్లబడుతుంది, దాని పని అదే. మార్చవలసింది రంగు చూసి కాదు, తిరిగిన కిలోమీటర్ల లెక్క చూసి, గడిచిన నెలల లెక్క చూసి. దుమ్ములో తిరిగితే, బరువెక్కువ మోస్తే ఇంకా ముందే.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. మా తోడికోడలు పిసినారి కాదు సుమండీ. నెలనెలా కిస్తీ కట్టాలి. బత్తాయి ధర ఒకరోజున్నట్టు ఇంకొకరోజు ఉండదు. డబ్బు లేనివాడు ఎక్కడో ఒకచోట తగ్గించుకోవాలి. అలా తగ్గించుకున్నవాణ్ణి నీతి లేదనడానికి మనమెవరం? ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా నీతులు చెప్పడం నాకు ఇష్టం లేదు.

నాకు తోచిన జవాబు ఇది. తగ్గించడం తప్పు కాదు. తగ్గించిన లాభం ఒకరికీ, దాని నష్టం ఇంకొకరికీ చేరితే అది తప్పు. సర్వీసింగులో మిగిలిన డబ్బు యజమాని పెట్టెలో పడుతుంది. బండి ఆగిపోయిన రాత్రి నార్కట్‌పల్లి దాటాక లారీలు దూసుకుపోయే రోడ్డు పక్కన, సెల్‌ఫోను వెలుగులో బానెట్టు ఎత్తుకుని నిలబడేవాడు డ్రైవరు. ఊళ్లో అర్ధరాత్రి ఎవరికైనా నొప్పులొస్తే 108 వచ్చేలోగా అందరికీ ముందు గుర్తొచ్చేది ఆ పికప్పే. ఆ పూట అందులో పడుకునే ఆడమనిషికి మన జమాఖర్చులు తెలియవు. నాలుగేళ్ల తర్వాత కొత్త రంగు వేయించి బండి అమ్మేస్తాం. పూలూ కుచ్చులూ చూసి ముచ్చటపడి కొన్నవాడు ఆరునెలలకే ఇంజను బోరుకొచ్చిందని తలపట్టుకుంటాడు. వాడెవడో మనకు తెలియదు. మనం పొదుపు అనుకున్నది వాడి పేర రాసిన అప్పు. వాడి సంతకం లేకుండా రాసిన అప్పు!

అదే మా తోడికోడలికి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే డాలా మీది బొమ్మలకు మళ్ల రంగులేపించుడు బంద్ పెడత తీయ్. గవి లేకుంటే ఎవ్వలకు నష్టం లేదు గద" అంది. వేదాంతం చదవని మనిషి, నేను రెండు పేజీలలో చెప్పింది ఒక్క ముక్కలో చెప్పింది. ముందు కోయవలసిన ఖర్చు కనబడేదే.

ఆవిడ ఇంకో రెండు పనులు కూడా మొదలుపెట్టింది. ఆయిల్ డబ్బా సీలు తన ముందే విప్పించి, బిల్లు తీసుకుంటోంది. ఖాళీ అయిన డబ్బాకు మేకుతో నాలుగు చిల్లులు పొడిపిస్తోంది. పేరున్న కంపెనీ ఖాళీ డబ్బాలు కొని, నాసిరకం ఆయిల్ నింపి, మళ్లీ సీలు వేసి అమ్మేవాళ్లు ఉంటారు. చిల్లు పొడిచినందువల్ల ఆవిడకు ఒక్క పైసా లాభం లేదు, పైగా డబ్బా అమ్మితే వచ్చే నాలుగు రూపాయలు పోతాయి. ఎప్పుడూ చూడని ఇంకొక డ్రైవరు మోసపోకుండా ఉండటానికి మాత్రం అది అడ్డుకట్ట.

రెండోది, తీసేసిన నల్ల ఆయిల్ సంగతి. తోటలో బోరు పక్క గుంటలో పారబోయడం చాలాచోట్ల అలవాటు. పారిన ఆయిల్ మట్టిలోకి ఇంకుతుంది, మట్టికింద నీళ్లున్నాయి. నీళ్ల సంగతి మా జిల్లావాళ్లకు కొత్తగా చెప్పాలా? వాడిన ఆయిల్‌ను ప్రమాదకర వ్యర్థాలలో చేర్చి, అనుమతి ఉన్నవాళ్లకే ఇవ్వాలని 2016 నిబంధనలు చెబుతున్నాయి. ఇప్పుడు సర్వీసింగు చేసే చోటే దాన్ని అప్పజెప్పి వస్తున్నారు.

పాపపుణ్యాల లెక్క ఎవరు రాస్తారో నాకు తెలియదు గానీ, ఇంజను మాత్రం తన లెక్క తాను రాసుకుంటుంది. కుచ్చులు చూసి మురిసి ఒక్క అంకె కూడా కొట్టెయ్యదు.

ఆయిల్ గేజి తీసి చూడటం పెద్ద విద్యేమీ కాదు. బండిని సమంగా ఉన్న నేల మీద నిలిపి, ఇంజను ఆపి, కొద్ది నిమిషాలు ఆగి గేజి లాగాలి. గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టి తియ్యాలి. ఆయిల్ రెండు గీతల మధ్య ఉండాలి. తక్కువైతే ఇనుము అరుగుతుంది, ఎక్కువైతే నురగ కడుతుంది. మీ ఇంట్లో బండి ఉంటే రేపు పొద్దున ఒకసారి తీసి చూడండి. ఇప్పటివరకూ అది మగవాళ్ల పనే అనుకున్నాం కదా, వాళ్లు ఎన్నాళ్లకోసారి తీసి చూస్తున్నారో కూడా ఆ చేత్తోనే కనుక్కోండి.