తప్పు ఒప్పుకున్నవాడు అప్పీలు చేయవచ్చునా?



ఆర్మూరు ప్రాంతంలో పసుపు కొనేవారిని మీరు చూసే ఉంటారు. బస్తా పైన కనిపించే నాలుగు కొమ్ములను బట్టి ధర చెప్పరు. చెయ్యి లోపలికి పోనిచ్చి అడుగు నుండి గుప్పెడు తీస్తారు, ఒక కొమ్ము విరిచి లోపలి రంగు చూస్తారు. ఆ తర్వాతనే బేరం. మనిషి దగ్గరకు వచ్చేసరికి మనకు అంత ఓపిక ఉండదు.

మీ వీధి అబ్బాయి ఒకడు పన్నెండేళ్లు సైన్యంలో పనిచేసి, మత్తుమందు వాడాడన్న కారణంతో డిశ్చార్జి అయి ఇంటికి వచ్చాడనుకోండి. సిపాయికి సర్వీసు పింఛను రావాలంటే పదిహేనేళ్లు నిండాలి. మూడేళ్లు తక్కువ. తల్లి మాత్రం “సెలవు మీద వచ్చాడు” అని అందరికీ చెబుతున్నది. చెల్లెలికి సంబంధాలు చూస్తున్నారు. ఆ ఉత్తర్వు కాగితం ట్రంకుపెట్టె అడుగున ఉన్నది.

అతడు అప్పీలు చేయడం న్యాయమేనా? “తప్పు చేశాడు, శిక్ష పడింది, తలవంచి భరించాలి గదా!” అని మనలో చాలామంది అంటారు. వినడానికి భక్తిగానే ఉంటుంది. అయినా ఈ జవాబుతో నాకు తృప్తి లేదు.

పౌలుగారు కైసరయలో రెండేళ్లు చెరలో ఉండి, చివరకు చక్రవర్తి ఎదుటనే విచారణ కావాలని కోరారు. అప్పీలు పాపం కాదనడానికి అది చాలు. అయితే పౌలు నిరపరాధి. మన అబ్బాయి పౌలు కాడు. చిక్కంతా అక్కడే ఉన్నది.

అప్పీలులో రెండు రకాల మాటలు ఉంటాయి. “నేను చేయలేదు” అన్నది ఒకటి. “చేశాను, కాని నన్ను పూర్తిగా చూడకుండానే తీర్పు చెప్పారు” అన్నది మరొకటి. రెండవ మాటకు కూడా చట్టంలో చోటు ఉన్నది. క్రమశిక్షణ తప్పిన సిపాయి రికార్డులో ఎర్రసిరా నమోదులు పడతాయి. అవి నాలుగు అయినంత మాత్రాన మనిషిని యాంత్రికంగా ఇంటికి పంపరాదని 2015 అక్టోబరులో సుప్రీంకోర్టు ఒక సిపాయి కేసులో చెప్పింది. ముందు ప్రాథమిక విచారణ జరగాలి. ఎన్నేళ్లు సేవ చేశాడు, ఎంత కఠినమైన చోట్ల పనిచేశాడు అన్నవి కూడా లెక్కలోకి రావాలి. బస్తాలోకి చెయ్యి పెట్టి చూడమనడమే గదా ఇది!

అలాగని సైన్యాన్ని తప్పుపట్టడం తేలిక అనుకోకండి. 1950 నాటి సైనిక చట్టం ప్రకారం డ్యూటీలో ఉన్నా లేకపోయినా మత్తులో ఉండడం నేరమే. రాత్రి కాపలాలో తుపాకి పట్టుకున్నవాడు తూలితే పక్కన నిద్రపోయే పదిమంది ప్రాణాలు పోవచ్చు. వారికీ తల్లులు ఉన్నారు. అతని చేతిలోని ఆయుధం తీసివేయడం సబబే. పన్నెండేళ్ల కష్టాన్ని కూడా దానితోపాటే తుడిచివేయాలా అన్నది వేరే ప్రశ్న. ఆ రెంటినీ ఒకటిగా కట్టేయడం నాకు సమ్మతం కాదు. మన దేశంలోనే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల దుర్వినియోగంతో ముడిపడిన మానసిక స్థితులను మానసిక వ్యాధి నిర్వచనంలో చేర్చింది. అమెరికాలో 2014లో రక్షణ మంత్రి చక్ హేగెల్, యుద్ధ భయం మనసును గాయపరచిన మాజీ సైనికుల డిశ్చార్జి అర్జీలను ఉదారంగా పరిశీలించమని ఆదేశించారు. వియత్నాం నుండి వచ్చినవారికి కూడా అది వర్తించింది. వారు చేసినది తప్పు కాదని ఆయన అనలేదు.

ఇక మన జిల్లాకు దగ్గరి సంగతి. అర్జీ రాసేటప్పుడు ఎవరో ఒక పెద్దమనిషి తప్పక సలహా ఇస్తాడు: “సెలవులో కల్లు తాగాను, అందులో మందు కలిపారని తెలియదు అని రాయి.” నమ్మదగిన మాటే. నిజామాబాదు కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజిపాం, అల్ప్రాజోలం కలుపుతారని మనకు తెలియనిది కాదు. 2015లో కల్తీని అరికట్టినప్పుడు, అలవాటు పడినవారు ఫిట్స్‌తో, పిచ్చిచూపులతో ఆసుపత్రులకు వచ్చారు. నిజంగా తెలియక తాగినవాడు ఆ మాట రాసి తీరాలి. తెలియనితనం దోషాన్ని తగ్గిస్తుందని మన సత్యోపదేశం కూడా చెబుతుంది.

కాని ఆ అబ్బాయి తీసుకున్నది గంజాయి అయితే? పరీక్షలో గంజాయి వేరుగా, అల్ప్రాజోలం వేరుగా తేలుతాయి. అబద్ధం అక్కడే పట్టుబడవచ్చు. పట్టుబడకపోయినా నా అభ్యంతరం పోదు. “నన్ను పూర్తిగా చూడండి” అని అడిగేవాడు తనలో సగం దాచి అడిగితే ఆ అడగడానికి అర్థమేమిటి? తల్లి ప్రేమతోనే ఆ వాక్యం రాయించవచ్చు. అయినా పన్నెండేళ్ల నిజమైన సేవను ఒక్క అబద్ధపు వాక్యం పక్కన పెట్టి, ఆ సేవను కూడా అనుమానానికి గురిచేసినది ఆమే అవుతుంది.

దారి మాత్రం ఉన్నది. ముందుగా సైన్యంలోనే పై అధికారులకు ఫిర్యాదు చేసుకోవాలి. అది తేలక సాయుధ దళాల ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. 2007 చట్టంతో ఏర్పడిన ఆ ట్రిబ్యునల్ 2009లో పని మొదలుపెట్టింది. మన ప్రాంతం చెన్నై బెంచి కిందకు వస్తుంది. తుది ఉత్తర్వు వచ్చిన ఆరు నెలలలోగా దరఖాస్తు ఇవ్వాలి. ఆలస్యానికి తగిన కారణం చూపితే మన్నించే వీలున్నది, కాని “ఇరుగుపొరుగుకు తెలుస్తుందని సిగ్గుపడ్డాము” అన్నది తగిన కారణంగా నిలవడం కష్టం.

మన విచారణల్లో ఇలాంటి ఇంటికి వెళ్లినప్పుడు కుశలప్రశ్నలు వేసి, టీ తాగి, అబ్బాయి మాట ఎత్తకుండా లేచి వస్తాము. దాన్నే మర్యాద అనుకుంటాము. ఈసారి వెళ్తే ఆ ట్రంకుపెట్టె తెరవమని అడగండి. కాగితం మీద తేదీ చూడండి.